నీడను నమ్ముకొన్న పూలు

నెల్లూరు పూలబజారులో కనకాంబరాలు మూర లెక్కన కొని జడలో తురుముకొనే ఆడపడుచులకు ఆ పువ్వు తోటలోనే పుట్టినదని తోస్తుంది. నిజానికి అది అడవిబిడ్డ. దక్షిణ భారతదేశపు పొదల అడవులలోనూ, సింహళంలోనూ పెద్దచెట్ల క్రింద, సగం వెలుగులో, తనంత తాను మొలిచి పూసే చిన్న మొక్క అది. దాని ఆకు చూడండి. ముదురు పచ్చగా, వెడల్పుగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నాటితే వెలవెలబోతుంది. వేపచెట్టు క్రిందనో, గోడ నీడనో పెట్టితే నిగనిగలాడుతుంది. తోటమాలి దానికి తెచ్చిపెట్టే నీడ దాని పుట్టింటి నీడ. ఎండిన దాని ఎన్నుమీద నాలుగు చినుకులు పడితే కాయలు టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతవి. వాన వచ్చినదని తెలిసిన తరువాతనే బిడ్డలను బయటికి పంపే తల్లి వంటిది ఆ కాయ.

పువ్వు అనగానే మన మనసు ఎండకే పోతుంది. పద్మం సూర్యుని చూచి విచ్చుకోవలె, పొద్దుతిరుగుడు పొద్దుతో తిరుగవలె. చంద్రుని నమ్ముకొన్న కలువకు సైతం మన సాహిత్యంలో పెద్దపీటే ఉన్నది. నీడను నమ్ముకొన్న పూలకు మాత్రం అంత గౌరవం దక్కలేదు. నిఘంటువులలో వాటి పేర్లున్నవి. ఓషధుల పట్టికలలో వాటి దుంపల గుణాలున్నవి. పువ్వును పువ్వుగా చూచినవారు తక్కువ. నెల్లూరు సీమ సముద్రతీరం అటువంటి పూలకు ఒకప్పుడు పెద్ద కాణాచి. ఇప్పటికీ కొంత మిగిలి ఉన్నది. ఆ మిగిలిన దానిని గురించి ఉపాధ్యాయ మిత్రులతో, విద్యార్థులతో నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసం.

ఈ తీరపు అడవి ఒక వింత అడవి. పడమటి కనుమలలో ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన పడుతుంది గనుక అక్కడి చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉన్నవంటే ఆశ్చర్యం లేదు. మనకు పడేది దానిలో మూడవవంతు. అందులోనూ సగానికి పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనాల పుణ్యమే. వేసవిలో నిప్పులు చెరిగే ఎండ, ఏడాది పొడుగునా ఉప్పుగాలి, కాళ్ళ క్రింద ఇసుక. అయినా ఇక్కడి చెట్లు ఆకు రాల్చి మోడువారవు. కోరమాండల్ తీరం వెంట తునకలు తునకలుగా మిగిలిన ఈ అడవిని వృక్షశాస్త్రజ్ఞులు ఉష్ణమండలపు పొడి సతతహరితారణ్యం అన్నారు. ఛాంపియన్ అనే అటవీశాస్త్రవేత్త 1936లో భారతదేశపు అడవులను వర్గీకరించినప్పుడు దీనికి ప్రత్యేకమైన స్థానం ఇచ్చినాడు. 1968లో సేథ్‌తో కలిసి ఆ గ్రంథాన్ని సవరించినప్పుడు కూడా ఆ స్థానం నిలిచింది.

చెట్లు పెద్ద ఎత్తు కావు. ముప్పయి, నలభై అడుగులకు మించినవి అరుదు. పాలచెట్టు, నేరేడు, పొగడ, ముష్టి, తుమికి, అల్లి, బలుసు, అడవినిమ్మ, వాటిని అల్లుకొన్న తీగలు. వేసవిలో సూళ్ళూరుపేట చుట్టుప్రక్కల సంతలకు వచ్చే పచ్చని పాలపండ్లు ఈ పాలచెట్టువే. ఆకు దళసరి, కొమ్మలు దగ్గర. కనుక అడవిలో అడుగు పెట్టగానే పందిరిలోనికి వచ్చినట్లు ఉంటుంది.

అల్లి మాట వచ్చింది గనుక ఒక్క క్షణం ఆగుతాను. అల్లిపువ్వంటే మన విద్యార్థులు చెరువులోని కలువజాతి పువ్వు అనే వ్రాస్తారు. అదీ సరియైనదే. కాని అడవి అల్లి వేరు. అది చిన్న చెట్టు. చినుకు పడిన కొన్నాళ్ళకు దాని కొమ్మలకు, ఆకులు రాలిన కణుపుల దగ్గర, నీలపు పూలు గుత్తులు గుత్తులుగా అంటుకొని పూస్తవి. కొమ్మకు ఎవరో నీలిరంగు పులిమినట్లుంటుంది. ఆకులనుండి పసుపురంగు తీసేవారు. పువ్వు నీలం, ఆకు పసుపు! ఇంత అందమైన చెట్టును వంటచెరకుగా తప్ప ఎరుగని ఊళ్ళున్నవి.

ఇక ఈ పందిరి క్రిందికి చూద్దాం. నీడ అంటే చీకటి కాదు. ఆకుల సందులలోనుండి జారిన ఎండ నాణెములవలె నేలమీద పడుతుంది. గాలికి ఆకు కదిలితే నాణెమూ కదులుతుంది. ఒక మొక్కకు రోజంతా కలిపి దక్కే ఎండలో పెద్దభాగం ఇటువంటి క్షణకాలపు వెలుగే. దానిని పట్టుకొనడానికే నీడమొక్కల ఆకులు వెడల్పుగా, పలుచగా పెరుగుతవి. నేలమీద ఆకులు పొరలు పొరలుగా కుళ్ళుతుంటవి. ఇసుకనేలకు తడిని పట్టి ఉంచే శక్తి తక్కువ. ఆ ఆకుపొర లేకపోతే కురిసిన వాన పూటలో ఇంకిపోతుంది. కనుక ఇక్కడ పువ్వుకు ప్రాణం పోసేవి రెండు: పైన కొమ్మల నీడ, క్రింద ఎండుటాకుల పొర. ఈ రెండింటిలో ఏది తొలగించినా పువ్వు పోతుంది. దానిని ఎవరూ కోయనక్కరలేదు, తవ్వనక్కరలేదు.

ఇంగ్లండు అడవులలో నేలంతా నీలంగా పరచుకొనే బ్లూబెల్ పూలను గురించి మన విద్యార్థులు ఇంగ్లీషు పాఠాలలో చదువుకొంటారు. అక్కడి చెట్లు చలికాలంలో ఆకు రాల్చుతవి. వసంతంలో కొత్తాకు వచ్చి నీడ కమ్ముకొనేలోపల ఆ పూలు గబగబా పూసి ముగిస్తవి. ఉత్తర అమెరికా అడవులలో ట్రిలియం అనే మూడురేకుల పువ్వు గింజనుండి మొలిచి తొలిసారి పూయడానికి ఏడేళ్ళ దాకా పడుతుంది. దాని గింజలను చీమలు మోసుకొని పోయి నాటుతవి. మన దగ్గర ఆ వేళాపాళా వేరు. మన చెట్టు ఆకు రాల్చదు. తొందరపడి పూయడానికి వెలుగుకాలం అంటూ వేరే లేదు. మన నీడపూలకు సూర్యుడు గడియారం కాదు, వాన గడియారం. చాలావాటికి నేలలో దుంప ఉంటుంది. వేసవి అంతా నిద్ర, వానతో మేలుకొనడం, కార్తిక మార్గశిరాలకు పూత.

వీటిలో రాణి అడవినాభి. అగ్నిశిఖ, పొత్తిదుంప అని కూడా అంటారు. సంస్కృతంలో లాంగలి. ఈ మాట చెప్పుతూ ఒకసారి తరగతిలో, దీనిని చూచినవారు చేయెత్తండి అన్నాను. అరవై మందిలో ఒక్క చేయి లేవలేదు. అర్థం మాత్రం అందరూ వ్రాసుకొన్నారు. లాంగలం అంటే నాగలి. ఆ మొక్క దుంప నాగలివలె వంకర తిరిగి రెండు పాయలుగా ఉంటుంది. ఒక్కొక్క పాయ కొసను ఒక్కటే మొగ్గ. తవ్వేటప్పుడు ఆ కొస విరిగిందో, ఆ పాయ ఇక మొలకెత్తదు. వాన పడగానే ఆ కొసనుండి కాండం లేచి, ప్రక్కనున్న పొదను పట్టుకొని ప్రాకుతుంది. పట్టుకొనడానికి దానికి వేరే నులితీగ లేదు. ఆకుల కొసలే మెలితిరిగి కొమ్మను చుట్టుకొంటవి. పువ్వు మొదట ఆకుపచ్చ కలిసిన పసుపు. రేకులు వెనుకకు మడతపడి, అంచులు అలలై, దినదినానికి క్రిందినుండి పసుపు, పైనుండి ఎరుపు కమ్ముకొని, చివరకు నిలువునా నిప్పు. అగ్నిశిఖ అన్నవాడు దానిని కండ్లారా చూచి అన్నాడు. తమిళులు దీనిని కాందళ్ అంటారు, కార్తికంలో పూస్తుంది గనుక కార్తిగైపూ అనీ అంటారు. తమిళనాడుకు ఇది రాష్ట్రపుష్పం. దూరాన ఆఫ్రికాలో జింబాబ్వేకు జాతీయపుష్పం.

దీని ఒంటినిండా విషమే. దుంపలో మరీ ఎక్కువ. కాల్చిసిన్ అనే ఆ విషాన్ని కొలతగా వాడి వాతరక్తానికి మందు చేస్తారు. ఆ మందుకోసం అడవులలో దుంపలు తవ్వి తవ్వి చాలాచోట్ల నాభిని నిర్మూలించినారు. తమిళనాడులో కొందరు రైతులు గింజలకోసం పొలాలలో సాగు చేస్తున్నారు. అది మంచి మార్గం. అడవిలో తవ్విన దుంప ఒక్క పర్యాయపు ఆదాయం, పొలంలో పండిన గింజ ఏటేటా వచ్చే ఆదాయం.

రాణిని చూచి మిగతా పరివారాన్ని మరచిపోరాదు. పొదల మొదళ్ళలో కత్తులవలె నిలిచిన చాగ మొక్క ఉన్నది. దాని ఆకునుండి గట్టి నార వస్తుంది. సంస్కృతంలోని మూర్వ ఇదేనని పలువురి అభిప్రాయం. మూర్వనారతో పేనినది గనుక వింటినారికి మౌర్వి అని పేరు వచ్చింది. మౌర్వి అన్న మాట పద్యంలో ఎదురైనప్పుడల్లా ప్రతిపదార్థం చెప్పి ముందుకు సాగుతాము. ఆ మాటకు మూలమైన మొక్క మన ఊరి పొదలలోనే, సాయంకాలం తెల్లని సన్నపూలతో నిలుచుండి ఉంటుంది. పిల్లితేగలు ఉన్నవి, శతావరి అనేది ఇవే. సన్నని పచ్చని నూలువంటి ఆకుల నడుమ చిన్న తెల్లపూలు, మంచి వాసన. పసుపుపచ్చని ముళ్ళగోరింట ఉన్నది. దాని చెల్లెలు, ఊదారంగు డిసెంబరుపూలు మీ ఇంట ఉండే ఉంటుంది. ఇక జిల్లాకు పడమట, తూర్పు కనుమల నీడలలో నేలతాడి. తాటిమొక్క పిల్లవలె రెండు మూడు ఆకులు, వాటి మొదట మట్టికి ఆనుకొని నక్షత్రం వంటి పసుపుపువ్వు ఒక్కటి. వంగి చూడనివారికి అది కనబడదు. నేలతాడి అని పేరు పెట్టినవాడు ఎవడో గాని వంగి చూచినాడు.

నేలమీదనే కాదు, కొమ్మలమీద కూడా నీడపూలుంటవి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీటిలో నిలుచున్న కడప చెట్లు చాలామంది చూచే ఉంటారు. కణప అని కూడా అంటారు. గూడబాతులు వాటిమీదనే గూళ్ళు కట్టుకొంటవి. 1976లో ఆ చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించినారు. యాత్రికులందరూ పక్షులనే చూస్తారు, అది సహజం. ఆ చెట్ల పూలు కూడా చూడదగినవి. వ్రేలాడే ఎర్రని పూలగుత్తులు రాత్రివేళ విచ్చుకొని, తెల్లవారేసరికి నీటిమీద రాలి పరచుకొంటవి. ఈ చెట్టు పేరుమీదనే ఒక అప్పపుష్పానికి కణప బదనిక అని పేరు. అప్పపుష్పం అంటున్నాను, అది చెట్టుమీద అప్పుకు నివాసం ఉంటున్నది గనుక. ఇంగ్లీషువారు ఆర్కిడ్ అంటారు. పసుపు, గోధుమ వన్నెల గళ్ళ రేకులు, నడుమ ఊదారంగు పెదవి, మంచి పరిమళం.

బదనిక అన్న పేరును మనవారు రెండు జాతులకు పెట్టినారు. ఒకటి చెట్టులోనికి వేరు దించి దాని రసం పీల్చే దొంగ. రెండవది చెట్టుమీద కాలు మోపి, తన ఆకుతో తాను అన్నం వండుకొనే కాపురస్థుడు. కణప బదనిక రెండవ జాతి. దీనిని దొంగ అనుకొని చెట్టెక్కి నరికే తోటయజమానులున్నారు. పేరు ఒకటైన పాపానికి ఎంత శిక్ష! సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ పక్షాన మొక్కలు పరిశోధించిన రాక్స్‌బరో అనే వైద్యుడు మనదేశపు చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లు అడిగి వ్రాసుకొన్నాడు. ఆ బొమ్మలనుండి ఎంచినవి 1795 మొదలు లండనులో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే సంపుటాలుగా వెలువడినవి. అందులో ఈ బదనిక ఉన్నది. ప్రపంచమంతా ఇప్పుడు దానిని వాండా అంటున్నది. ఆ మాట మనదే, అమరకోశంలోని వందా. సర్ విలియం జోన్స్ దానిని శాస్త్రనామంగా స్వీకరించినాడు.

ఈ సంపద ఎట్లా తరిగింది? చెన్నపట్టణపు పొయ్యిలకు ఈ తీరం నుండి బకింగ్‌హాం కాలువమీద పడవలలో కట్టెలు పోయినవి. తీరం వెంట సరుగుడు తోటలు వచ్చినవి, నీలగిరి తోటలు వచ్చినవి, ముంతమామిడి తోటలు వచ్చినవి. సరుగుడు తోటకు వెళ్ళి క్రింద చూడండి. నీడ ఉన్నది, కాని నేలనిండా సన్నని పుల్లలు దట్టంగా పరచుకొని మరొక మొక్కకు చోటు లేదు. నీడ అన్నదంతా ఒకటే కాదు. కంపతుమ్మ 1870ల దశకంలో కడప సీమలోని కమలాపురం ప్రాంతంలో వంటచెరకుకోసం నాటగా మొదలై నేడు చెరువుగట్లన్నీ ఆక్రమించింది. గత శతాబ్దపు చివరి సంవత్సరాలలో రొయ్యలగుంటలు వచ్చినవి. తీరపు పొదలు ఎన్నో ఆ గుంటల గట్లక్రింద పోయినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యలసాగును గురించి కఠినమైన తీర్పు ఇచ్చినది. తీర్పు వచ్చేనాటికి పోయిన పొద తిరిగి రాదు.

ఇవన్నీ ఇట్లా ఉండగా, ఒక పెద్ద అడవి మిగిలింది. శ్రీహరికోట. పులికాటు సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న ఆ దీవిని 1969లో అంతరిక్ష ప్రయోగాలకు ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2002లో ఆ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టినారు. సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరినా, చరిత్రకూ ప్రకృతికీ అది నెల్లూరు తీరమే. సుమారు 175 చదరపు కిలోమీటర్ల ఆ భూమిలో కట్టడాలు పోగా మిగిలిన దానిలో గొడ్డలి ఆగింది. అందువల్ల కోరమాండల్ తీరపు పొడి సతతహరితారణ్యంలో పెద్ద తునక ఒకటి అక్కడ నిలిచింది. ఆకాశానికి పోయే యంత్రాల నీడన నేలనంటిన పూలు బ్రతికినవి. నలుగురూ చెప్పుకొని సంతోషించే మాటే ఇది.

కాని ఆ మాట అక్కడితో ఆపడం న్యాయం కాదు. ఆ దీవి నిర్జనం కాదు. తరతరాలుగా అక్కడ యానాదులు ఉన్నారు. ఏ దుంప తినదగినది, ఏది విషం, ఏ ఆకు పాముకాటుకు, ఏ తేనె ఎప్పుడు తీయవలె, అంతా వారికి నోటిలెక్క. అంతరిక్షకేంద్రం వచ్చినప్పుడు ఆ దీవిలోని వారెందరో ఇళ్ళు విడిచి ఇవతలి గట్టుకు రావలసివచ్చింది. వారు వదలివచ్చిన పశువులు అక్కడ అడవిపశువులై తిరుగుతున్నవి. నెల్లూరువాసి, యానాదులకోసం జీవితం ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో వారిని గురించి ఒక గ్రంథమే ప్రకటించినారు. దీవి ఖాళీ కావడానికి ముందటి పుస్తకం అది. ఆ జాతి జీవితం తెలుసుకోగోరే ఉపాధ్యాయులు వెదకి చదువదగినది. కంచె కట్టి, మనుషులను పంపి, అడవిని కాపాడడం ఒక్కచోట జరిగింది. ప్రతి ఊరిలోనూ జరిగేది కాదు, జరుగవలసినదీ కాదు. కంచె పువ్వును కాపాడగలదు గాని, పువ్వు పేరు తెలిసిన మనిషిని కాపాడలేదు. మన బడులలో యానాదిపిల్లలు ఉన్నారు. నాభిదుంప ఎట్లా ఉంటుందో వారి తాతలను అడిగి రమ్మనండి. పాఠం చెప్పేచోట వారు కూడా నిలుచుంటారు.

చట్టం సంగతి రెండు మాటలు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో 1991 సవరణతో కొన్ని మొక్కలకు కూడా రక్షణ కల్పించినారు. ఆ పట్టికలో మొదట చేరినవి ఆరు. మన శేషాచలపు కొండలలోని పెరీత అందులో ఒకటి. మన తీరపు నీడపూలు అందులో లేవు. ఆర్కిడ్లన్నింటికీ దేశాల మధ్య వ్యాపారంలో అంతర్జాతీయ ఒప్పందపు అదుపున్నది. ఇంగ్లండులో 1981 నాటి చట్టం ప్రకారం నేలయజమాని అనుమతి లేక ఏ అడవిమొక్కనూ వేళ్ళతో పెకలించరాదు. మంచిదే. కాని చింపిన ఆకుపొరకు, ఊడ్చిన నీడకు ఏ చట్టమూ శిక్ష వేయదు.

కార్తికమాసం వస్తున్నది. నెల్లి అంటే ఉసిరిక. ఆ చెట్టు క్రింద వెలసిన లింగం వల్లనే నెల్లూరికి ఆ పేరు వచ్చిందని స్థలకథ. ఉసిరిచెట్టు క్రింద వనభోజనం మనకు పుణ్యకార్యం. అదే మాసంలో ఆ వనంలోని చిన్నమొక్కలు పూతకు వస్తవి. నూరుమంది పిల్లలు తోపులో దిగి, నేల చదును చేసి, ఆకులన్నీ ఊడ్చి కుప్పవేసి అగ్గిపెట్టి, చాపలు పరచి, భోంచేసి, కాగితపు గ్లాసులు వదలి వస్తే, వనానికి మిగిలేదేమిటి? వంటకు ఒక్క మూల చాలు. తక్కిన తోపును ఊడ్వకండి. భోజనం ముందు ఒక గంటసేపు పిల్లలను బారులు తీర్చి పొదల మొదళ్ళు చూపించండి. కోయకుండా చూడడం కూడా నేర్పవలసిన విద్యే.

ఇక బడిలో ఏమి చేయవచ్చు? దాదాపు ప్రతి బడికీ ఒక కానుగో, వేపో, చింతో ఉన్నది. దాని క్రింద, పిల్లలు నడిచే దారికి దూరంగా, పది అడుగుల చదరం చాలు. అక్కడ ఊడ్వడం మానండి. ఆకు మూడు నాలుగు అంగుళాల మందం నిలువనివ్వండి. తేళ్ళూ పాములూ చేరుతవని ప్రధానోపాధ్యాయులు అభ్యంతరం చెప్పడం సహజం, అది తోసివేయదగిన మాట కాదు. కనుక చుట్టూ మూడు అడుగులు శుభ్రంగా ఉంచి, ఆకులలో చేయి పెట్టరాదని పిల్లలకు కట్టుబాటు చేయండి. మా పెరట కానుగ క్రింద ఇట్లా వదలిన చోట మొదటి వానలకే మట్టి నల్లబడింది. రెండవ ఏట నేను నాటని పిల్లితేగ ఒకటి మొలిచింది, ఏ పిట్ట తెచ్చి వేసినదో.

భాద్రపదంలో గింజలు వేయవచ్చు. కనకాంబరంతో మొదలుపెట్టండి. ఐతే ఢిల్లీ కనకాంబరం అనే నారింజవన్నె రకం తేవద్దు. అది గొడ్డుమొక్క, గింజ కట్టదు, కొమ్మలు నాటియే పెంచవలె. గింజ కట్టే నాటురకం అడిగి తెండి. డిసెంబరుపూలు కొమ్మ నాటినా బ్రతుకుతుంది. చాగ పిలకలు ఎవరి పొలంగట్టునైనా అడిగితే ఇస్తారు. అల్లి, పాల గింజలు పండు ఎండకముందే పాతవలె. అవి చెట్లయ్యేసరికి ఈనాటి పిల్లలు ఉద్యోగాలలో ఉంటారు. అయినా పాతండి, రాబోయే నీడ అదే. నాభిని చిన్నపిల్లల బడిలో పెట్టవద్దు. కళాశాలలో, కంచె లోపల, తెలిసినవారి చేతిమీదుగా, సాగుచేసినవారి గింజతోనే పెంచవలె. అడవినుండి దేనినీ దుంపతో తవ్వి తేవద్దు.

బదనిక విషయంలో ఒక్క మినహాయింపు. ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. గాలికి విరిగిన కొమ్మలమీద బదనికలు ఎన్నో నేలపాలై ఎండిపోతవి. అటువంటిది ఊరిలో కనబడితే తెచ్చి, గరుకుబెరడు గల చెట్టుకు, ఉదయపుటెండ తగిలే ప్రక్క, పాతగుడ్డ పేలికతోనో కొబ్బరిపీచుతోనో కట్టండి. మట్టి పెట్టవద్దు. కొన్ని నెలలకు వేళ్ళు బెరడును పట్టుకొంటవి. దాని గింజ దుమ్ముకన్న సన్నం. లోపల ఆహారం ఏమీ ఉండదు. ఒక జాతి బూజు తోడుంటే తప్ప మొలకెత్తదు. ఆ బూజు మన చేత పెరిగేది కాదు. అందుకే పడిన మొక్కను నిలబెట్టడం గింజ చల్లడం కన్న మేలు.

మాఘం దాటేసరికి మీ పది అడుగుల చదరంలో దుంపజాతులన్నీ ఆకు వాల్చి మాయమవుతవి. చచ్చినవేమో అని తవ్వి చూడవద్దు. నీళ్ళు పోయవద్దు, నిద్రలో ఉన్న దుంప తడికి కుళ్ళుతుంది. వేసవిలో ఆ మూల బోసిగా కనబడినప్పుడు, ఇక్కడ సిమెంటు చప్టా వేయిస్తే బాగుంటుందని ఎవరో ఒకరు అనకమానరు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి, ‘లోపల దుంపలున్నవి’ అని పిల్లలచేతనే ఒక పలకమీద వ్రాయించి చెట్టుకు కట్టండి.